తోటలో లేని మొక్కజొన్న

ఆగిరిపల్లి చుట్టుపక్కల దశరథరామయ్య తోటంత శుభ్రమైన మామిడితోట ఇంకొకటి లేదు. ఆ మాట ఎక్కువగా దశరథరామయ్యే చెబుతుంటాడు. రాలిన ఆకును రాలినట్టే ఊడ్పించి, కుప్పపోసి తగలబెట్టిస్తాడు. పక్కనే ఉన్న వియ్యంకుడు సత్యనారాయణమూర్తి తోటలో మాత్రం మోకాలి లోతున ఆకులు. అది తోటా, చెత్తకుండీయా అని దశరథరామయ్య నవ్వని రోజు లేదు.

ఆ వేసవిలో యూనివర్సిటీ నుంచి కీర్తిప్రియ అనే పరిశోధకురాలు వచ్చింది. చెట్లు గాలిలోంచి పీల్చుకున్న కార్బన్ మట్టిలోకి ఎలా చేరుతుందో, అక్కడ ఎన్నాళ్లు నిలుస్తుందో తెలుసుకోవడం ఆమె పని. రెండు తోటల్లోనూ మట్టి తీస్తానంది. కార్బన్ బాగా నిలిచే తోటను పరిశీలనకు తీసుకుని, గేటు దగ్గర బోర్డు పెడతామంది.

బోర్డు అనే మాట చెవిన పడ్డాక దశరథరామయ్యకు ఇంకేదీ వినపడలేదు. మట్టి తీసే ముందురోజు హనుమాన్ జంక్షన్ దగ్గరి డెయిరీ నుంచి ట్రాక్టరు నిండా పేడ తెప్పించి, మట్టి తీయడానికి ఆమె గుర్తుగా జెండాలు పాతిన చోటల్లా తవ్వించి కలిపించాడు.

"ఇదేం పనండీ?" అంది భార్య నాగేశ్వరమ్మ, ముక్కుకి చెంగు అడ్డం పెట్టుకుని.

"కార్బన్ కావాలంది, ఇస్తున్నాం. అది ఎక్కడిదో మట్టి చెబుతుందా ఏంటి?"

ఫలితాలు చెప్పే రోజున తనే తోటలో షామియానా వేయించి, పులిహోర చేయించి, వియ్యంకుణ్ణి ముందు వరుసలో కూర్చోబెట్టాడు.

"కార్బన్ ఈ తోటలోనే ఎక్కువుందండీ," అంది కీర్తిప్రియ. దశరథరామయ్య కండువా సర్దుకున్నాడు. "ఒక్క సందేహం. ఇక్కడ మొక్కజొన్న వేశారా?"

"మా తాతల నాటి నుంచి మామిడి తప్ప మరో మొక్క పెట్టలేదమ్మా."

"మట్టిలో మొక్కజొన్న కార్బన్ ఉందండీ. ఏ మొక్కయినా కుళ్లిపోయాక కూడా తన ఆనవాలున్న అణువులు కొన్ని మిగులుతాయి. మామిడాకు మీద ఉండే మైనం ఇక్కడ దాదాపు లేదు. దానికి బదులు పశువుల పొట్టలో తయారయ్యే అణువులు కనిపించాయి. ఇక్కడ గేదెల్ని కట్టేస్తారాండీ?"

ఆమె ఎవర్నీ నిందించలేదు, తెలియకే అడిగింది. దశరథరామయ్యకు అదే ఎక్కువ మండింది.

సత్యనారాయణమూర్తి ప్లేటు పక్కన పెట్టాడు. "మా బావగారు శుభ్రమైన మనిషమ్మా. గేదెల్ని గేటు దాటనివ్వరు. మొక్కజొన్న మేసిన డెయిరీ గేదెల పేడని మాత్రం ట్రాక్టరెక్కించి మర్యాదగా తీసుకొచ్చారు. దారిపొడుగునా మేం ముక్కులు మూసుకున్నాం."

షామియానా కింద నవ్వని వాడు ఒక్కడే. బోర్డు వియ్యంకుడి గేటుకెక్కింది.

దశరథరామయ్య కొన్నాళ్లు గడప దాటలేదు. ఆ తర్వాత ఒకనాడు మైలవరం బస్సులో పక్కసీటాయనకు వివరిస్తున్నాడు. "మా నేల బలం వాళ్ల మిషనుకే అంతుపట్టలేదండీ. మొక్కజొన్న వేయకుండానే మొక్కజొన్న సారం తేలింది."

"అలాగాండీ," అన్నాడాయన ఆశగా. "ఆ మట్టి కాస్త అమ్ముతారా?"

దశరథరామయ్య కాసేపు నిజంగానే ఆలోచించాడు.