పదింతల మోతాదు

పుస్తకాల జిరాక్సులకు కాపీరైటు బోర్డు పెట్టిన రేటు కాలేజీలు పబ్లిషర్లకు కట్టక్కర్లేదని కోర్టు తేల్చింది. కాలేజీలు చంకలు గుద్దుకున్నాయి. ఆ రాబడి పోయి నా పబ్లిషరు దుకాణం కట్టేశాడు. నా నర్సింగు పుస్తకానికి నేను దిద్ది ఇచ్చిన కొత్త కూర్పు అచ్చుకు నోచుకోలేదు.

నిన్న నర్సింగు చదివే మా మేనకోడలు ఆ పాత పుస్తకం జిరాక్సు ముందేసుకుని బట్టీ కొడుతోంది. పసిపిల్లల మందు మోతాదు వినగానే చటుక్కున ఆపాను.

"అది అచ్చుతప్పు తల్లీ! పదింతలు ఎక్కువ పడింది. రాసినదాన్ని నేను చెబుతున్నాను."

"క్లాసంతా ఇవే కాగితాలత్తా. ఇలా రాస్తేనే మార్కులు."

"నీ మార్కులు తగలెయ్య! రేపు వార్డులో పసిబిడ్డకి ఎంత ఎక్కిస్తావు?"

అది బిత్తరపోయి పెన్సిలుతో దిద్దుకుంది. అంతలోనే పరీక్ష గుర్తొచ్చి, రబ్బరుతో శుభ్రంగా చెరిపేసింది.