యాదవ్వ మర్జీ

మగ్గానికి నూలు కండెలు చుట్టడానికి యాదవ్వ ఒక పక్కకు ఒరిగి కూర్చుంటుంది. తిన్నగా కూర్చుంటే, ఐదో కాన్పు తర్వాత జారిన గర్భసంచి నేలకు ఒత్తుకుంటుంది. బాలింత నడుము గట్టిపడకముందే, పాత చీరపేలిక బిగించి కట్టుకుని రాట్నం ముందుకు వచ్చిన మనిషి ఆమె. మగ్గం మొగుడు రాజానిది, నేసిన పేరూ రాజానిదే. కండె అందక, మగ్గంలో అటూ ఇటూ పరిగెత్తే నాడె ఆగితే మాత్రం తప్పు యాదవ్వది. నొప్పి సంగతి చెబితే అత్త, "ఆడిదన్నంక గివన్ని ఉండయా? పనిల పడితే అదే పోతది" అంది. ఇక ఆ ఇంట్లో మర్జీ అనే మాట రాజం సొత్తు. కూర ఆయన మర్జీ, సంత ఆయన మర్జీ, పక్క కూడా ఆయన మర్జీయే.

ఒకనాడు బిందె ఎత్తబోయి ఆమె వాకిట్లోనే కూలబడింది. కండెలు చుట్టే దిక్కు లేకపోయేసరికి రాజం సిరిసిల్లలో బస్సెక్కించి కరీంనగర్ ఆసుపత్రికి తీసుకొచ్చాడు. దారి పొడుగునా ఒకటే పాట: "ఎత్తి కుట్టమను. ఇంకో కొడుకు కావాలె."

హైదరాబాద్ నుంచి కొత్తగా వచ్చిన డాక్టరమ్మ రాజాన్ని బయట కూర్చోబెట్టింది. పరీక్ష చేశాక, యాదవ్వ నడుముకున్న వక్కల సంచి అడిగి తీసుకుంది. వక్కలు బల్ల మీద పోసి, సంచిని తలకిందులుగా పట్టుకుంది. గర్భసంచి ఇంతే ఉంటుందని, దాన్ని పట్టి ఉంచే దారాలు వదులై జారిందని చూపించింది. కడుపు కోయకుండా కింది నుంచే బాగుచేయొచ్చట.

యాదవ్వ ఆ సంచినే చూసింది. ఇంత సంచిలోనా ఐదుగురూ పెరిగింది! ఎవరూ నేర్పకుండానే సాగింది, మోసింది, మళ్లీ ముడుచుకుంది. ఇన్నేళ్లూ సిగ్గుతో పేలికల్లో దాచిన దానికి ఇప్పుడు దండం పెట్టాలనిపించింది.

డాక్టరమ్మ నిదానంగా విడమరిచి చెప్పింది. పైకెత్తి కుట్టి బిగించొచ్చు, మళ్లీ కాన్పు కావచ్చు, కానీ కాన్పుతో మళ్లీ జారనూవచ్చు. సంచి మొత్తం తీసేసి లోపల గట్టిగా కుట్టొచ్చు, ఇక కాన్పులుండవు. కోతే వద్దంటే సంచి జారకుండా లోపల రబ్బరు వలయం పెట్టుకుని నెట్టుకురావచ్చు.

"గిప్పుడు చెప్పు, నీ మర్జీ ఏంది?"

రాజం వచ్చి నిలబడ్డాడేమోనని యాదవ్వ వెనక్కి తిరిగి చూసింది. ఎవరూ లేరు. ఆ మాట తననే అడిగింది. ఖాళీ సంచిని ఒళ్లో పెట్టుకుని చాలాసేపు నిమిరింది.

"మస్తు కష్టం చేసిందమ్మా ఇది. ఇగ పని సాలు, దీనికి ఛుట్టీ ఇయ్యుండ్రి. తీసెయ్యుండ్రి."

బయటికి రాగానే రాజం ఎదురొచ్చి, డాక్టరమ్మ ఏం చెప్పిందని అడిగాడు.

"చెప్పలే," అంది యాదవ్వ, వక్కల సంచి దారం బిగిస్తూ. "నన్ను అడిగింది."