ఊదిన దీపం

శుక్రవారం దీపాన్ని నోటితో ఊదకూడదు, పువ్వుతో వత్తిని నూనెలోకి జార్చి కొండెక్కించాలి. చచ్చిపోయిన అత్తగారు నేర్పిన ఆ పని ముగించి మర్టిల్ టీ పెట్టింది. ముందుగదిలో టీవీ ఎదుట బంధువులంతా చేరారు. ఆ వింత సీరియల్‌కి ఇవాళే ఆఖరి భాగం. అందులో గుర్రాలు మాట్లాడతాయి, గోడలు చెమరుస్తాయి. అందులోని రేవు ఊళ్ళో ఒకడి పెళ్ళాం మాయమైంది. ఎవరు మాయం చేశారో టీవీ ముందు కూర్చుని తేల్చే పండితుడు మర్టిల్ మొగుడు డెన్నిస్.

"దీపం చూడండి మ్యాన్! ఊది ఆర్పినప్పుడల్లా ఒక మనిషి పోతాది. అదీ గుర్తు!" అని అతనంటే వెరులం ఊళ్ళో వాళ్ళ వీధంతా మెచ్చుకుంది. గిన్నెలు తోముతూ ఆ మాట ముందు చెప్పింది మర్టిల్. అప్పుడేమన్నాడు? "ఆడోళ్ళకి దీపాలూ వత్తులే కానొస్తాయి." అతని నోట్లో పడేసరికి అదే సిద్ధాంతమైపోయింది. తెల్లవాళ్ళతో సమానంగా ఓటు హక్కొచ్చాక, ఏప్రిల్‌లో మొదటిసారి ఓటేసి వచ్చినప్పుడూ అంతే. "ఏయ్, నే చెప్పినోళ్ళకేగా ఏసావు?" అన్నాడు. తలూపింది. వేసింది మాత్రం తనకు నచ్చినవాళ్ళకి. ఆ తలూపుడులో ఎంత సుఖముందో ఆనాడే తెలిసింది. అందుకే పోయిన వారం అతను వంటింట్లోకొచ్చి "ఇంకేం కనబడింది?" అని గొణిగితే, వంకాయలు తరుగుతూ తాపీగా అబద్ధం చెప్పింది. "ఆ సీరియల్లో పోస్ట్‌మన్ మీద కన్నెయ్యి."

"పోస్ట్‌మనే! కాకపోతే మీసం గీయించేస్తా!" అని వారమంతా ఊరేగాడు.

చివరికి తెరమీద మాయమైనామె మొగుడే వంగి దీపాన్ని ఉఫ్‌మని ఊదాడు.

గది నవ్వులతో ఘొల్లుమంది. మర్టిల్ తమ్ముడు దొరసామి తొడ చరిచాడు. "బావా, మీసానికి బై బై చెప్పు!"

అతని పెళ్ళాం కోగీ అడిగింది. "వదినా, నీకు ముందే తెలుసా?"

"మొదటి వారమే. ఆ మొగుడు అందరికన్నా గట్టిగా ఏడ్చాడు, పెళ్ళాం పేరు ఒక్కసారీ ఎత్తలేదు."

డెన్నిస్ మీసం తడుముకున్నాడు.

"ఏయ్, టీ తే."

ట్రే తెచ్చింది. కప్పులన్నీ ఒక్కొక్కరికీ అందించింది. డెన్నిస్ ముందుకొచ్చేసరికి ట్రేలో రేజరొక్కటే మిగిలింది. సాయంత్రమే కొత్త బ్లేడు వేసి ఉంచింది.

"ముందు మీసం. ఆ తర్వాత నా పేరు పెట్టి అడుగు, టీ పోస్తాను."