ఆడవాళ్ళ గీత

"వాయి తెరువు," అంది కమలాంబ. పాప్పాత్తి నోట్లోంచి కాఫీ వాసన గుప్పుమంది.

"నిన్న మూడుతూర్లు చెప్తిని గదే, నీళ్ళు తప్ప ఏందీ తాగొద్దని!"

"అర గ్లాసే గదక్కా."

"అర గ్లాసైనా రక్తానికి తెలిసిపోతుంది. పో, ఈ పొద్దు నువ్వు పనికిరావు."

కమలాంబకు యాభై నాలుగేళ్ళు. పుల్లల్లాంటి చేతులు, చీర కుచ్చిళ్ళ మీదికి వంగిన పొట్ట. భర్త పోయినప్పటి నుంచి ఆసుపత్రిలో ఆయా పనే. ఈ పదకొండు నెలలూ రాయపురంలో తెల్లవారకముందే తలుపులు తట్టి, పరగడుపుతో ఉన్న ఆడవాళ్ళను రక్తపరీక్షకు తీసుకొస్తోంది.

ఆ రక్తంలోని చక్కెరనూ, ఇన్సులిన్‌నూ లెక్కగట్టి డాక్టర్ హేమమాలిని ఒక అంకె తీస్తుంది. ఒంట్లో ఇన్సులిన్ ఉన్నా సరిగా పనిచేయడం లేదని చెప్పే అంకె. అది ఏ గీత దాటితే చక్కెర జబ్బుకూ, గుండెజబ్బుకూ దారితీసే మెటబాలిక్ సిండ్రోమ్‌గా గుర్తించాలో తేల్చాలి. హార్బరు కూలీలు వరసకట్టి చేతులు చాపడంతో మగవాళ్ళ గీత ఎప్పుడో తేలిపోయింది. కావలసినంతమంది ఆడవాళ్ళ రక్తం ఈ రోజుకు అందకపోతే, మగవాళ్ళ గీతే అందరికీ పెట్టేయమని పైవాళ్ళ ఆజ్ఞ.

తొమ్మిదయింది. ఒక్కరు తక్కువ. ఒకామె దారిలో ఇడ్లీ తినేసింది. ఇంకొకామె సూది చూసి పారిపోయింది.

"ఈళ్ళతో నా వల్ల కాదు డాక్టరమ్మా," కమలాంబ స్టూలు మీద కూలబడింది. "ఈడిదాకా లాక్కొస్తే ఆఖర్లో చెడగొడతారు!"

"మీరేమైనా తిన్నారా?"

"ఈళ్ళెనక తిరిగేదానికే సరిపాయె. ఏడ తినేది?"

హేమమాలిని సూది చేతిలోకి తీసుకుంది.

"నాకేం రోగమమ్మా?" అని గొణుగుతూనే కమలాంబ చెయ్యి చాపింది.

ఐదో రోజు ఆమె పనికి రాలేదు. నిద్రలోనే గుండె ఆగిపోయిందని పక్కింటి మునియక్క వచ్చి చెప్పింది.

మరుసటి వారం లెక్క తేలింది. ఆడవాళ్ళ గీత మగవాళ్ళ గీతకన్నా కిందకే వచ్చింది. ఆ రెండు గీతల నడుమ పన్నెండుమంది ఆడవాళ్ళున్నారు. మగవాళ్ళ గీతే అందరికీ పెట్టి ఉంటే వాళ్ళందరినీ 'ఏమీ లేదు' అని పంపేసేవాళ్ళు. పన్నెండో పేరు కమలాంబది.

మిగిలిన పదకొండుమందికీ చెప్పాలి. వాళ్ళ ఇళ్ళు కమలాంబకు తప్ప ఎవరికీ తెలియవు. వెతగ్గా వెతగ్గా పరీక్ష గది తలుపు వెనక గుండుసూదితో గుచ్చిన పాత క్యాలెండరు కాగితం దొరికింది. దాని వెనకవైపు ఒక్కో పేరు, వీధి పక్కన కమలాంబ పెన్సిలు రాత: 'పచ్చ తలుపు, కుక్క కరవదు', 'మేడ మీద, మెట్లు విరిగినాయి పైలం', 'చెవుడు, గట్టిగా తట్టాల.'