మిట్టమధ్యాహ్నం సాక్షి

తాళం తప్పుతానని మా ఊరి భజన గుంపులోనుంచి నన్ను తోసేసి ఇరవై ఏండ్లయింది. ముందు చిడతలిచ్చి చూసినారు, తర్వాత తాళాలు, కడాకు దీపంలో నూనె పోసే పని. నూనె పోసేటప్పుడు కూడా చెయ్యి ఆడిస్తాడు, చూసి మేము దారి తప్పుతాము అన్నారు. మూడో తరగతిలో బడి మాన్పించినప్పుడు కూడా నాకంత బాధ కాలేదు. ఆ పొద్దే ఒట్టు పెట్టుకున్నా. పాడేది మీరే కానీండి, ఈ తాలూకాలో నాకన్నా గట్టిగా వినేవాడు మాత్రం ఉండకూడదు.

అట్ల విని విని యాభై ఏండ్లవాణ్ణయినాను.

యేసన్న పాట మొదట విన్నది యాభైరెండు కరువులో, గంజి కేంద్రం దగ్గర. ముంత పట్టుకోని వరసలో నిలబడుంటే ముందర ఎవరో తత్వం ఎత్తుకున్నారు. గడ్డపార బండకు తగిలినట్లుండె ఆ గొంతు. నా వంతు వచ్చింది నాకు తెలియనే లేదు. వెనకవాడు నన్ను దాటిపోయి గంజి పోయించుకున్నాడు. కడుపు కాలేటప్పుడు గంజిని మరిపించిన గొంతును మనిషి ఎట్ల వదులుతాడు? అప్పటినుంచి అతను యాడ పాడితే ఆడికి పోతాండా. పోయి అతనితో ఒక మాట మాట్లాడింది లేదు. పాట విని లేచి వచ్చేస్తా.

ఏడేండ్లకు మళ్ళా వానలు మొహం చాటేసినాయి. ఎండాకాలంలో శింగనమల చెరువు కింద ఒక ఊర్లో వానకోసమని సప్తాహం పెట్టినారు. ఊరి పేరు రాయను, మళ్ళా ఆడికి పోవాల్సినవాణ్ణి. ఏడు పగళ్ళు ఏడు రాత్రులు దీపం ఆరకూడదు, పాట తెగకూడదు. చుట్టుపక్కల ఊర్ల గుంపులు గంటకొకటి వంతు ఎక్కుతాయి. ఆ ఊర్లో ఇంకొక కట్టుబాటు ఉంది. పాడే గుంపుకు ఎదురుగా జంఖానా మీద పరాయి ఊరి మనిషి ఒకడన్నా గంటసేపు లేవకుండా కూర్చోవాల. దాన్ని సాక్షి కూర్చోవడమంటారు. సాక్షి నడుమ లేస్తే ఆ వంతు తెగినట్లే. తెగిన గుంపుకు వచ్చే ఏడు తాంబూలం ఉండదు, అంటే పిలుపు ఉండదు.

యేసన్న గుంపుకు ఈ ఏడు పిలుపిచ్చింది తిప్పయ్య. ఆ ఊరి పెద్దమనిషి. పిలిచి మూడు నెలలకు పోయినాడు. ఇప్పుడు పెత్తనమంతా కొడుకు గోవిందప్పది. చర్చికి పోయేవాళ్ళకు ఈడ తత్వాలేమిటికి అని గోవిందప్ప అందరి ముందర అన్నాడంట. నాయన ఇచ్చిన తాంబూలం తిప్పి పంపితే ఊరు నవ్వుతుంది. అందుకని అయిదో దినం పన్నెండు నుంచి ఒంటిగంట దాకా వంతు పెట్టినాడు. పడమటి గాలి పొయ్యిలోనుంచి వచ్చినట్లు వచ్చే పొద్దు. ఆ ఎండలో ఎవడు కూర్చుంటాడని అతని లెక్క.

ఈ సంగతి తెలిసి నేను బయలుదేరినా. నా పెండ్లాం తిమ్మక్క వాకిట్లో అడ్డం నిలబడి, పోయిన ఏడు నీకు ఎండదెబ్బ తగిలి మూడు దినాలు మాట పడిపోయింది మర్చిపోయినావా అని అడిగింది. మర్చిపోలేదన్నా.

"పోతే పో. నీ పాడె ముందర కూడా ఆ యేసన్ననే పాడమని చెప్తా," అని, టువ్వాల కొసకు ఎండకు ఉల్లి మందని ఎర్రగడ్డ ఒకటి ముడేసి ఇచ్చింది.

నేను పోయేసరికి పందిట్లో వందమంది ఉన్నారు. పైన పరిచిన వేపమండలు అయిదు దినాలకు ఎండి, ఆకు రాలి, ఉత్త పుల్లలు మిగిలినాయి. ఎండంతా కిందికే. యేసన్న నలుగురు మనుషులతో దీపం పక్కన ఎక్కినాడు. ఎక్కీ ఎక్కకముందే బువ్వకు రండి అని అవతల చింతచెట్ల కిందనుంచి పిలుపొచ్చింది. మామూలుగా ఒంటిగంటకు పెట్టేది, ఆ పొద్దు పన్నెండుకే పెట్టినారు. వరి బువ్వ, కందిపప్పు. కరువు దినాల్లో వరి బువ్వంటే ఎవరు ఆగుతారు? పందిరి ఖాళీ అయింది. నేను పోయి జంఖానా నడుమ కూర్చున్నా.

గోవిందప్ప టైంపీసు చేతిలో పట్టుకోని దూరంనుంచి చూస్తా ఉన్నాడు.

యేసన్న ఎత్తుకున్నాడు:

"ఎండిన చెరువులో నడిచిన బాట
నిండిననాడు యాడ వెదికేవురా..."

నాకు తెలియకుండానే చెయ్యి తొడ మీద ఆడింది.

కొంచెం సేపటికి కమిటీలో తిరిగే హనుమంతప్ప వచ్చి నా చెవి దగ్గర వంగినాడు. పప్పు అయిపోతాంది, తినేసి రా, నీ జాగా నేను చూసుకుంటా అన్నాడు. నువ్వు ఈ ఊరివాడివి, నీ కూర్చోవడం లెక్కకు రాదు కదప్పా అన్నా. పప్పు వాసన గాలికి కొడతానే ఉంది. సంక్రాంతికి తిన్న వరి బువ్వ మళ్ళా నేను తినలేదు. హనుమంతప్ప వచ్చిన దారిన పోయినాడు.

నెత్తి మీద టువ్వాల తడిపి వేసుకుంటే నిమిషంలో ఆరిపోయింది. కండ్ల ముందర పసుపుపచ్చ చుక్కలు ఆడతా ఉన్నాయి. హనుమంతప్ప మళ్ళా వచ్చినాడు. ఈసారి మొహం పెట్టిన తీరే వేరే.

"ఓబన్నా, మీ ఊరినుంచి మనిషి వచ్చినాడు బస్సుకు. నీ పెండ్లాం పడిపోయిందంట. లెయ్."

మోకాలి మీద చెయ్యి పెట్టి సగం లేచేవాణ్ణే. యేసన్న పాడతానే నా మొహం చూసినాడు. అతని గొంతు ఆగలేదు కానీ సన్నబడింది. అతనికీ వినపడినట్లుంది.

అప్పుడు గుర్తొచ్చింది. పొద్దున బస్సులోనే నేను వచ్చినా. ఇంకొక బస్సు మూడు గంటలకు.

"ఏ బస్సప్పా?" అన్నా.

హనుమంతప్ప గోవిందప్ప దిక్కు చూసినాడు.

"వచ్చిన మనిషిని ఈడికే రమ్మను. నాకు చెప్పాల్సింది నా చెవిలో చెప్తాడు. నేను లెయ్యను."

మనిషి రాలేదు. అబద్ధమని బుద్ధి చెప్తానే ఉంది. అయినా ఏ లారీ ఎక్కో వచ్చి ఉంటే? తిమ్మక్క నిజంగా పడిపోయి ఉంటే? ఆ మిగిలిన సేపు నేను కూర్చున్న కూర్చోవడం పగవానికి కూడా వద్దు. నిజమైతే తిమ్మక్క నన్ను క్షమించదు. అబద్ధమైతే నేను వీళ్ళను క్షమించను. ఇట్ల అనుకుంటా ఎర్రగడ్డ ముడిని పిడికిట్లో పట్టుకోని కూర్చున్నా.

పందిరి గుంజ నీడ గంటకని నేను గుర్తు పెట్టుకున్న రాయి దాటింది. గంట అయిందన్నా. టైంపీసులో ఇంకా పది నిమిషాలుండాయని గోవిందప్ప అన్నాడు. ఉండనీ. యేసన్న ఇంకొక తత్వం ఎత్తుకున్నాడు. అది నాకు లాభమే కదా.

బువ్వ తిన్నవాళ్ళు ఒకరొకరు తిరిగొచ్చి పందిరి అంచుల్లో నిలబడినారు. అంతమంది ముందర ఇంకెంతసేపు సాగదీస్తాడు? గోవిందప్ప టైంపీసు కింద పెట్టి, వక్క ఆకు తట్టలోనుంచి తీసి యేసన్న చేతిలో పెట్టినాడు. మొహం మాత్రం చూడలేదు. వచ్చే ఏటికి పిలుపు ఖాయమైంది.

నాకు కాళ్ళు తిమ్మిరెక్కి లేవలేకపోయినా. యేసన్న వచ్చి రెక్క పట్టి లేపినాడు. ఏడేండ్లకు అతను నాతో మాట్లాడిన మొదటి మాట ఇది:

"ఏమన్నా, నీ చెయ్యి ఒక్క దెబ్బన్నా తాళానికి పడలేదే. నిన్ను చూడకుండా పాడేదానికి నా ప్రాణం పోయింది. వచ్చే ఏడు చేతులు తొడల కింద పెట్టుకోని కూర్చో."

"పెట్టుకోను," అన్నా.

అతను నవ్వినాడు. నాకు నవ్వు రాలేదు, ఇంటి మీదనే ధ్యాస.

మూడు గంటల బస్సులో మా ఊరివాళ్ళెవరూ దిగలేదు. అదే బస్సు తిరుగు ప్రయాణంలో ఎక్కి ఇల్లు చేరినా. తిమ్మక్క వాకిట్లో కొర్రలు చెరుగుతా ఉంది. నన్ను కిందినుంచి పైదాకా చూసి, మాట్లాడు చూద్దాం అనింది. మాట్లాడినా. పడిపోయిన మనిషి కాదు కదా, అరవడంలో ఏం తక్కువ లేదు. జరిగింది చెప్తే హనుమంతప్ప వంశాన్నంతా తిట్టి, టువ్వాల ముడి విప్పింది. ఎర్రగడ్డ పైపొర వాడి, లోపల మెత్తబడిపోయింది. పారెయ్యకుండా దాన్నే కోసి, ఉప్పూ కారం అద్ది సంగటిలోకి పెట్టింది.

వచ్చే ఏడూ వాళ్ళిచ్చేది మధ్యాహ్నం వంతే. ఇయ్యనీ. ఈసారి ఇంకొంచెం పెద్ద ఎర్రగడ్డ చూసి కట్టమని తింటానే చెప్పినా.