ఆరో అంతస్తు మాట

ఇత్తడి పిడిని కలమాన్సి నిమ్మ తొక్కతో మూడోసారి రుద్ది, పాత బనీను ముక్కతో తుడిచి, మాంగ్ అంబో లిఫ్టు మడత తలుపు లాగాడు. ఉదయం ఏడున్నర. మనీలాలో ఎస్కోల్తా వీధిలోని ఆ ఎనిమిదంతస్తుల పాత భవనానికి ఉన్నది అదొక్కటే లిఫ్టు. దానికి బటన్లు లేవు. పిడిని కుడికి తిప్పితే పైకి పోతుంది, ఎడమకి తిప్పితే కిందికి దిగుతుంది. గడపకీ లిఫ్టు నేలకీ వేలెడు తేడా రాకుండా ఆపడానికి మాత్రం మనిషి కావాలి.

ఆ మనిషి పొట్టి. ఇరవై ఏడేళ్ళు పిడి పట్టుకుని నిలబడడంతో కుడి భుజం ఎడమ భుజం కన్నా బాగా దిగిపోయింది. నీలం కోటు మోచేతుల దగ్గర అతుకులు వేసుంది. ఉన్న నాలుగు వెంట్రుకలకీ నూనె రాసి, ఒక్కొక్కదాన్నీ దాని చోట పడుకోబెడతాడు. ఇంకో ఏడు నెలలకి అరవై అయిదు నిండుతాయి. అప్పుడొచ్చే రిటైర్మెంటు సొమ్ముతో ఇంటి రేకులు మార్చాలని అతని భార్య ఇప్పటికే కొలతలు తీసి పెట్టుకుంది.

భవనంలో సగం ఆఫీసులు డబ్బు వ్యాపారానివే కాబట్టి లిఫ్టులో సామెతలకి కొదవ లేదు. ఎక్కినవాడల్లా ఒకటి వదులుతాడు, అంబో దాన్ని పట్టుకుని ఉతికి ఆరేస్తాడు. కాలమే డబ్బంటాడు ఒకడు. "నా కాలం ఇరవై ఏడేళ్ళుగా అమ్ముతూనే ఉన్నానండీ, ధర చెప్పే అవకాశం ఒక్కసారీ నాకు రాలేదు" అంటాడు ఇతను. మీ డబ్బు చేత పని చేయించండి అంటాడు మరొకడు. "చెమట పట్టిన నోటు ఎక్కడైనా కనిపిస్తే నాకూ చూపించండి సర్. ఎవడో ఒకడు వంగితేనే కదా అది పెరిగేది!" జనం నవ్వుకుంటూ దిగిపోతారు. నన్నడిగితే, ఆ నవ్వే అతనికి శాపమైంది. నవ్వించేవాడి మాట ఎంత నిజమైనా ఎవరూ మూట కట్టుకుని ఇంటికి తీసుకుపోరు.

పదింటికి ఆరో అంతస్తులో ఇద్దరు ఎక్కారు. ఒకాయన అక్కడి పొదుపు సంస్థ మేనేజరు రోన్కిల్యో. రెండోవాడు కొత్త మొహం, చేతిలో తోలు సంచీ. వాళ్ళు ఇంగ్లీషులో మాట్లాడుకున్నారు. లిఫ్టు నడిపేవాడికి ఇంగ్లీషు రాదని అక్కడ అందరి నమ్మకం, వచ్చినా వాడు మనిషి లెక్కలోకి రాడని ఇంకా పెద్ద నమ్మకం.

"పెద్దాయన రాత్రి విమానంలోనే వెళ్ళిపోయాడు" అన్నాడు సంచీవాడు.

"ఇవాళ మూడింటిదాకా అడిగినవాళ్ళకి ఇచ్చేస్తూ ఉండాలి. లేకపోతే గోల మొదలవుతుంది. రేపు షట్టరు ఎత్తం."

"పాపం, ఎక్కువమంది బజారు వాళ్ళే."

"వ్యాపారం వ్యాపారమే కదా."

కింద ఇద్దరూ దిగిపోయారు. అంబో పిడి మీద చెయ్యి తియ్యలేదు. వ్యాపారం వ్యాపారమేనట. చేప చేపే అని బజార్లో ఏ చేపలమ్మా అనదు. కుళ్ళినదాన్ని అంటగడితే మర్నాడు దాని తలతోనే కొడతారు మరి. ఈ మాట మామూలు రోజున అయితే పైకే అనేవాడు. ఇవాళ నాలుక లేవలేదు. లిఫ్టులో విన్నది లిఫ్టు దాటకూడదన్నది ఉద్యోగంలో చేరిన రోజున అతను సంతకం పెట్టిన మొదటి షరతు. ఇరవై ఏడేళ్ళలో ఎన్నో విన్నాడు. ఒక్కటీ దాటించలేదు.

మధ్యాహ్నం ఒకటిన్నరకి ఆలింగ్ పూరింగ్ వచ్చింది. వంతెన దిగువ బజారులో చేపలు అమ్ముతుంది. ఇవాళ రబ్బరు బూట్లు వదిలేసి, పూల జాకెట్టు వేసుకుని, జుట్టుకి క్లిప్పు పెట్టుకుంది. ఇరవై రెండేళ్ళు పేవ్‌మెంటు మీద వానలో నిలబడి, పైకప్పున్న కొట్టు కొనడానికి కూడబెట్టిందంతా ఆరో అంతస్తులోనే ఉంది.

"అంబో అన్నా, నా డిపాజిట్ గడువు ఇవాళే తీరింది. ఇంకో అయిదేళ్ళకి కట్టేస్తే రెట్టింపు ఇస్తామన్నారు. అప్పుడు మూలకొట్టే కొనేస్తా, చూస్తుండు!"

అంబో నోరు తెరిచాడు. సరిగ్గా అప్పుడే భోజనం ముగించుకుని రోన్కిల్యో పళ్ళు కుట్టుకుంటూ లోపలికొచ్చాడు.

మనీలాలో మొహం మీద మాట అనే అలవాటు లేదు. పక్కవాడితో అంటారు, చేరవలసినవాళ్ళకి అదే చేరుతుంది. పారినిగ్ అంటారు దాన్ని. అత్తలూ కోడళ్ళూ, ముఠామేస్త్రీలూ కూలీలూ, అందరికీ అదే దారి. అంబోకి కూడా అదే తోచింది. రోన్కిల్యో వైపు తిరిగి, పూరింగ్ వినేలా, ఒక్కో మాటా విడదీసి అన్నాడు: "గుర్రం చచ్చాక గడ్డి ఎందుకండీ సర్? ఇవాళ మేపాల్సిన గడ్డి ఇవాళే విప్పి తెచ్చుకోవాలి. రేపన్నది లేదనుకోవాలి."

పూరింగ్ పకపకా నవ్వింది. ఆ దెబ్బ మేనేజరుకే అనుకుంది. "సార్ భోజనానికి ఆలస్యమైందని దెప్పుతున్నావా అన్నా! ఈయన నోటికి తాళం లేదండీ సార్!"

రోన్కిల్యో నవ్వలేదు. పళ్ళపుల్ల చేతిలోకి తీసుకుని అంబో మొహంలోకి చూశాడు. అన్నేళ్ళలో ఆయన ఆ మొహం చూడడం అదే మొదలు. ఆరో అంతస్తులో ఇద్దరూ దిగారు. మాట ఎవరికి చేరాలో వాళ్ళకి తప్ప రెండోవాళ్ళకి చేరింది.

మూడో అంతస్తు గంట మోగింది. అంబో వెళ్ళలేదు. రెండు కావొస్తోంది. పిడి విడిచి ఆరో అంతస్తు వరండాలోకి ఒక అడుగు వేశాడు, వెనక్కి తీశాడు. ఏడు నెలలు. ఇంటి రేకులు. గంట మళ్ళీ మోగింది. అరచేతుల చెమటకి పొద్దుట రుద్దిన ఇత్తడి మీద మచ్చలు పడ్డాయి. భయంగా ఉంది అతనికి, దాన్ని దాచుకోవడానికి ఏ సామెతా సాయానికి రాలేదు.

రెండూ పదికి పూరింగ్ పరుగున వచ్చింది. "రెండు గుర్తింపు కార్డుల జిరాక్స్ కావాలట అన్నా, కిందికి పోనీ, తొందరగా!"

ఆమె ఒక్కతే. అంబో తలుపు మూసి పిడి తిప్పాడు. అయిదో అంతస్తు దాటింది. అయిదుకీ నాలుగుకీ మధ్య, ఇటుక గోడ ఎదురుగా, లిఫ్టు ఆపేశాడు.

"ఏమైంది? పాడైందా?"

"పాడవలేదు. పూరింగ్, డిపాజిట్ కట్టకు. డబ్బు వెనక్కి తీసుకో, ఇప్పుడే. రేపు వాళ్ళు తెరవరు."

"మళ్ళీ మొదలెట్టావూ..."

"ఇది సామెత కాదు." అంబో పిడి వదిలి ఆమె వైపు తిరిగాడు. "పొద్దున వాళ్ళ నోటితో వాళ్ళే అనుకుంటుంటే ఈ చెవులతో విన్నాను. యజమాని దేశం దాటేశాడు. మూడింటిదాకానే ఇస్తారు. చెక్కు ఇస్తే పుచ్చుకోకు, నోట్లే అడుగు."

పూరింగ్ మొహంలో నవ్వు పోయింది. చేతిసంచీని రొమ్ముకి అదుముకుంది. "నీ ఉద్యోగం?" అంది.

"డబ్బు వెనక్కి తీసుకోడానికి జిరాక్స్ అక్కర్లేదు. పైకి తీసుకెళ్తున్నాను" అన్నాడు అంబో, పిడి కుడికి తిప్పుతూ.

రెండూ యాభైకి ఆమె బయటికి వచ్చింది. వెనక కూరగాయలమ్మే ఆడవాళ్ళు ఇద్దరు, వాళ్ళ చేతుల్లోనూ నోట్ల కవర్లు. మాటకి రెక్కలుంటాయంటారు, అది కొంతవరకే నిజం. ఆ రెక్కలు వరసలో నిలబడ్డ ముగ్గురిదాకా వచ్చి ఆగాయి. లిఫ్టులో పూరింగ్ అంబోవైపు చూడలేదు. చూస్తే ఎవరైనా పసిగడతారని ఆమెకి తెలుసు. దిగేటప్పుడు ఆమె భుజం అతని కోటుకి రాసుకుంది, అంతే.

మూడింటికి షట్టరు పడింది. అరుపులు ఆరో అంతస్తు నుంచి మెట్ల గుండా కిందిదాకా దిగాయి. నాలుగున్నరకి కాపలాదారు నెస్తోర్ భవనం ఆఫీసు నుంచి ఉత్తరం తెచ్చాడు. ప్రయాణికురాలితో లిఫ్టు మధ్యలో ఆపినందుకు, లోపలి మాట బయటపెట్టినందుకు, రోన్కిల్యో ఫిర్యాదు మీద, ఈ క్షణం నుంచే ఉద్యోగం లేదు. రావలసిన సొమ్ము సంగతి అందులో లేదు.

అంబో ఉత్తరం మడిచి జేబులో పెట్టుకున్నాడు. నెస్తోర్ కదల్లేదు.

"మా ఆవిడ పురిటి డబ్బులు ఆరో అంతస్తులోనే ఉన్నాయి" అన్నాడు. "పొద్దుట్నుంచీ నీకు పది అడుగుల దూరంలో ఉన్నాను. నాకెందుకు చెప్పలేదన్నా?"

ఆ కుర్చీ, ఆ గేటు, ఆ యూనిఫారం పొద్దుట్నుంచీ కళ్ళెదుటే ఉన్నాయి, అంబోకి ఒక్కసారీ తట్టలేదు. కోటు విప్పి నెస్తోర్ చేతిలో పెట్టాడు. బనీనుతో, దిగిపోయిన భుజంతో, వీధిలోకి నడిచి జీప్నీ బండి ఎక్కాడు.

మర్నాడు ఏడింటికి ఆలింగ్ పూరింగ్ రబ్బరు బూట్లతోనే వచ్చింది. చేతిలో న్యూస్‌పేపరులో చుట్టిన బంగూస్ చేప, చుట్టూ మంచు. బజారులో ఏ అమ్మకందారూ రోజు తొలి సరుకు ఊరికే ఇవ్వదు, కన్నతల్లికైనా సరే. ఆ రోజంతా బేరం చచ్చిపోతుందని భయం.

"ఆయన లేడు, ఇక రాడు" అన్నాడు నెస్తోర్, ఆమె మొహం చూడకుండా. ఇల్లెక్కడో అతనికీ తెలియదు.

పూరింగ్ చేపని అతని కుర్చీ మీద పెట్టింది. "అయితే నువ్వు తీసుకో" అని గబగబా వెళ్ళిపోయింది. నెస్తోర్ దాన్ని ముట్టుకోలేదు. మెట్లెక్కేవాళ్ళు దాన్ని చూసుకుంటూ పోతున్నారు. మంచు కరిగి, కాగితం తడిసి, చేప కన్ను ఒకటి బయటికి కనిపిస్తోంది.