తెగకూడని నూడుల్స్

కొత్త కాపురం కదా, దేశం కాని దేశంలో, ఈ ట్రాయ్ ఊళ్ళో నాకు ప్రతిదీ పండగలాగే ఉంది. కుళాయి తిప్పితే వేడినీళ్ళు, ఉత్తరాల పెట్టె మీద ఆయన పేరు పక్కనే నా పేరు, కిటికీ అవతల ఏకిన దూదిలా మంచు. 1986 ఫిబ్రవరి ఇరవై ఐదు, మంగళవారం పొద్దున్న ఆ మంచులో మా కారు సగం దాకా కూరుకుపోయింది. మావారు శ్యామ్‌సుందర్ ఆఫీసుకి ఫోన్ చేసి రానని చెప్పేశారు. పనిరోజున మొగుడు ఇంట్లో ఉండడమంటే నాకు లాటరీ తగిలినట్టే.

అంతలో మా అపార్ట్‌మెంట్ నడవాలో ఎదురింటి ఎర్లిండా వచ్చింది. హాస్పిటల్‌లో నర్సు. రాత్రి డ్యూటీ చేసి, మంచు తోసే లారీ వెనకాలే నెమ్మదిగా డ్రైవ్ చేసుకుంటూ ఇల్లు చేరింది. చేతిలో సన్నటి బియ్యపు నూడుల్స్ ప్యాకెట్ ఉంది.

"రేణూ, మీ టీవీ ముందు వంట చేసుకోనా? నాది బ్లాక్ అండ్ వైట్. అందులో పసుపురంగు కనబడదు."

వాళ్ళ ఊరు మనీలాలో జనమంతా పసుపు చొక్కాలు, పసుపు రిబ్బన్లు వేసుకుని రోడ్డెక్కారు. ఇరవై ఏళ్ళుగా కుర్చీ దిగని అధ్యక్షుణ్ణి దింపాలని లక్షలమంది ఒక పెద్ద రోడ్డు మీద టాంకులకి అడ్డంగా కూర్చున్నారు. వాళ్ళలో ఎర్లిండా తమ్ముడు రోమెల్ ఉన్నాడు. కాలేజీ కుర్రాడు. శనివారం నుంచీ అతని కబురు లేదు, ఫోన్లు కలవడం లేదు. పైగా ఈ రోజు అతని పుట్టినరోజు. తమ్ముడు ఎంత దూరాన ఉన్నా, ఏటా ఈ రోజున అతని పేరు చెప్పి నూడుల్స్ వండుకుని తినడం ఆమెకి అలవాటు.

నేను క్యారెట్లు తరుగుతున్నాను. ఎర్లిండా కళ్ళు టీవీకి అంటుకుపోయి ఉన్నాయి. "శ్యామ్, ఆ నూడుల్స్ కాస్త నీళ్ళలో వెయ్యవా?" అంది.

మావారికి వచ్చిన వంట ఒక్కటే, సేమియా ఉప్మా. బ్రహ్మచారిగా ఉన్నన్నాళ్ళూ దాని మీదే బతికారు. ప్యాకెట్‌ని రెండు చేతులా పట్టుకుని, ఉత్సాహంగా పటపటా నలిపేశారు.

ఎర్లిండా వెనక్కి తిరిగి చూసింది. మెల్లగా కుర్చీలో కూలబడింది.

"పుట్టినరోజు నూడుల్స్ విరవకూడదు," అంది. "అవి ఎంత పొడుగుంటే ఆయుష్షు అంత పొడుగు."

మావారి మొహం చూడాలి. "సారీ ఎర్లిండా, నాకు తెలీదు. మా అమ్మ ఎప్పుడూ విరిచే వేసేది."

"ఫర్వాలేదు. ఉత్త నమ్మకమే," అంది. కానీ ప్యాకెట్ అందుకుని, విరిగిన ముక్కల్ని కొనకి కొన ఆనించి చూస్తోంది.

ఉత్త నమ్మకమని నేననలేను. మా అమ్మ దీపం కొండెక్కిందంటుంది గానీ ఆరిపోయిందని నోరు జారనివ్వదు.

సరిగ్గా అప్పుడే టీవీలో వార్త వచ్చింది. అధ్యక్షుడు హెలికాప్టర్ ఎక్కి వెళ్ళిపోయాడు. తెర నిండా పసుపు. జనం టాంకులెక్కి ఎగురుతున్నారు, సైనికులకి పూలు ఇస్తున్నారు. నేను గరిటెతోనే చప్పట్లు కొట్టాను. ఎర్లిండా తెర దగ్గరికి వెళ్ళి, మొహం ఆనించి, ఒక్కొక్కళ్ళనే వెతుకుతోంది. దేశం గెలిచింది. తమ్ముడు కనబడలేదు.

"కార్ బయటికి తీస్తాను. వెళ్ళి ఇంకో ప్యాకెట్ కొనుక్కొస్తా," అన్నారు మావారు.

"ఆ కారు ఎండాకాలం దాకా రాదు గానీ, మీరు ఇలా రండి," అన్నాను. అటక మీది పెట్టెలోంచి జంతికల గొట్టం తీశాను. బియ్యప్పిండిలో మరిగే నీళ్ళు పోసి, ఉప్పు వేసి కలిపాను. ఒకే కన్నం ఉన్న బిళ్ళ పెట్టి, గొట్టం ఆయన చేతికిచ్చాను. "మీరు నొక్కండి. నేను పళ్ళెం తిప్పుతాను. తెగిందో, ఈ రాత్రి మీకు విరిచిన సేమియానే."

పెన్సిలంత లావున తెల్లటి తీగ దిగింది. చుట్ట మీద చుట్ట పడుతోంది. ఆయన నుదుటి మీద చెమట, ముక్కుకి పిండి. అంత అందంగా పెళ్ళి పీటల మీద కూడా లేరు.

"రేణూ, ఇది నూడుల్సా, మోకా?" అంది ఎర్లిండా. చాలాసేపటికి నవ్వింది.

అప్పుడు వాళ్ళింట్లో ఫోన్ మోగింది. ఆమె పరుగెత్తింది. రెండు తలుపులూ తెరిచే ఉన్నాయి. "హలో" అన్న మాట వినబడింది. తర్వాత ఏమీ వినబడలేదు.

"ఆపేయనా?" గుసగుసగా అడిగారు మావారు.

"ఊహూ. నొక్కండి."

గొట్టంలో పిండి అయిపోవస్తోంది. నేను వంగి పళ్ళెం తిప్పుతూనే ఉన్నాను. ఎదురింట్లోంచి ఏడుపో, నవ్వో తెలియని చప్పుడు వచ్చింది. తర్వాత వాళ్ళ భాషలో గబగబా తిట్లు. అక్క తమ్ముణ్ణి తిట్టే తిట్లకి ఏ భాషైనా ఒకటే.

ఎర్లిండా ఫోన్ తీగ సాగినంత మేర లాక్కుని, తన గుమ్మంలోకి వచ్చి నిలబడింది. కళ్ళలో నీళ్ళు, మొహం నిండా వెలుగు.

"వాడే. అరిచి అరిచి గొంతు పోయింది. నాకు మాట సరిగ్గా వినబడ్డం లేదు, కానీ వాడే," అంది. మా పళ్ళెం వైపు చూసి, రిసీవర్‌లో వాడికేదో చెప్పి, మళ్ళీ మావైపు తిరిగింది. "ఎంత పొడుగుందని అడుగుతున్నాడు."

మావారు గొట్టం ఎత్తిపట్టుకుని, "పిండి ఐపోయింది రేణూ," అన్నారు.

"ఇంకా కలుపుతున్నానండీ. మీరు మాత్రం తెంచకండి," అన్నాను.